ప్రతి భాగంలోనూ కథ ముగిసిపోతున్న చిత్రకారిణి: ఒక షోజో మాంగా కేస్ స్టడీ

నేను టోక్యోలో ఒక చిన్న సంపాదక సంస్థలో పనిచేస్తాను. పెద్ద ప్రచురణ సంస్థలు తమ మాంగా (జపాన్ బొమ్మల కథల) పనిలో కొంత భాగాన్ని మాలాంటి వాళ్లకు అప్పగిస్తాయి. చిత్రకారులతో కూర్చుని కథను చర్చించడం, ముసాయిదాలు సరిచూడడం, గడువు కాపాడడం మా పని. ఇక్కడ రాస్తున్నది ఒక చిత్రకారిణి కేసు. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. కలం పేరు, పత్రికలు, కచ్చితమైన సంవత్సరాలు చెప్పడం లేదు. కథల్లోని వివరాలు కొన్ని మార్చాను. ఆమె ఎదుర్కొన్న చిక్కును, మేం తీసుకున్న నిర్ణయాలను, వాటి వెనుక ఉన్న ఆలోచనను మాత్రం జరిగినది జరిగినట్టే చెబుతున్నాను.

తెలుగులో రాయడానికి కారణం ఉంది. మాంగా గీస్తున్న తెలుగు యువతీయువకులు తమ పనిని అప్పుడప్పుడూ నాకు పంపుతుంటారు. బొమ్మ బాగుంటుంది, మొదటి కథ బాగుంటుంది, రెండో భాగం దగ్గర ఆగిపోతారు. వాళ్లలో చాలామంది తమకు ఊహాశక్తి చాలడం లేదనుకుంటారు. ఈ చిత్రకారిణి కూడా చాలాకాలం అలాగే అనుకుంది.

నేపథ్యం

ఆడపిల్లల కోసం వెలువడే పత్రికల్లో వచ్చే బొమ్మల కథలను షోజో మాంగా అంటారు. కథలో ప్రేమ ఉందా, చరిత్ర ఉందా, దెయ్యం ఉందా అన్నదానికంటే అది ఏ పత్రికలో అచ్చయింది అన్నదే ఈ పేరును నిర్ణయిస్తుంది. ‘రిబోన్’, ‘నకయోషి’ లాంటి మాసపత్రికలు 1950ల మధ్యలో మొదలై నేటికీ వస్తున్నాయి. 1990ల తొలి సగంలో ‘రిబోన్’ ముద్రణ 25 లక్షల ప్రతులు దాటింది. ఆ రోజుల్లో ప్రాథమిక పాఠశాలలో చదువుతున్న పిల్ల ఈమె. చిన్న ఊరు, నెలకొకసారి పుస్తకాల దుకాణానికి వచ్చే లావుపాటి పత్రిక, దానితో పాటు ఇచ్చే కాగితపు బొమ్మలూ కవర్లూ. మాంగా గీయాలన్న కోరిక అక్కడే పుట్టింది.

షోజో పత్రికల్లో చాలావాటికి ‘మాంగా స్కూల్’ అనే ఏర్పాటు ఉంటుంది. పేరు స్కూలే గానీ తరగతులుండవు. ఎవరైనా కథ గీసి పంపవచ్చు. సంపాదకులు చదివి శ్రేణి ఇచ్చి, లోపాలు రాసి తిరిగి పంపుతారు. పై శ్రేణికి దగ్గరగా వచ్చినవారికి ఒక సంపాదకుణ్ని కేటాయిస్తారు. ఈమె ఉన్నత పాఠశాలలో ఉండగానే పంపడం మొదలుపెట్టింది. శ్రేణులు ఒక్కొక్కటిగా ఎక్కి, ఇరవై ఏళ్ల వయసుకు కాస్త అటూఇటూగా తొలి కథ అచ్చు వేయించుకుంది.

ఈ స్కూళ్లకు పంపే కథ నిడివి సాధారణంగా 16, 24 లేదా 32 పేజీలు. ఆ కొన్ని పేజీల్లోనే పాత్ర పరిచయం కావాలి, ముడి పడాలి, ముడి విడాలి, చివర్లో ఆ అనుభూతి కాసేపు నిలవాలి. ఇలా ఒకే సంచికలో ముగిసే కథను యోమికిరి అంటారు. తొలి కథ అచ్చయ్యాక కూడా ఆమె కొన్నేళ్లు యోమికిరిలే గీసింది. అవి నిజంగా మంచి కథలు. వాటిలో ఒకదాన్ని ఇప్పటికీ కొత్తవాళ్లకు చూపిస్తాను. 32 పేజీల్లో నాలుగో పేజీకల్లా అమ్మాయి మనసులోని ప్రశ్న మన ముందుకు వస్తుంది. ఇరవై ఎనిమిదో పేజీలో దానికి జవాబు దొరుకుతుంది. మిగిలిన పేజీల్లో మాట దాదాపు ఉండదు.

ఆమె గీత గురించి కూడా ఒక మాట. సన్నటి మారు-పెన్ పాళీతో జుట్టు గీసేది, ఒక్కో పోగూ వేరుగా. బి4 కాగితం మీద, 180 మిల్లీమీటర్ల వెడల్పు, 270 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న చట్రంలో ఆ గీతలు చూస్తే ఎవరి చేతిపనో వెంటనే తెలిసిపోతుంది. ఇది తర్వాత అవసరమయ్యే విషయం.

సమస్య

యోమికిరిలకు పాఠకుల ఆదరణ రావడంతో పత్రిక ఆమెకు ధారావాహిక ఇచ్చింది. ముందు మూడు నాలుగు భాగాలతో స్వల్పకాలిక ధారావాహికగా పెట్టి, ఆదరణ ఉంటే పొడిగించడం ఇక్కడ మామూలు పద్ధతి. పత్రికలోని ప్రశ్నాపత్రాన్ని పాఠకులు నింపి పంపుతారు. ఏ కథ నచ్చిందో వాళ్లు రాసినదాన్ని బట్టి స్థానాలు లెక్కిస్తారు.

ఆమె మొదటి భాగం పై స్థానాల్లో నిలిచింది. రెండో భాగం పడిపోయింది, మూడోది ఇంకా కిందికి. పొడిగించిన తర్వాత కూడా కోలుకోలేదు. రెండో సంపుటంతో (పత్రికలో వచ్చిన భాగాలను కలిపి వేసే పుస్తకం) ధారావాహిక ఆగిపోయింది. కొంతకాలానికి మరొకటి ఇచ్చారు. అదీ అలాగే నడిచింది, మరింత త్వరగా ఆగింది. ఆ తర్వాత ఆమె రాసిన ముసాయిదాలు వరుసగా తిరిగి వచ్చాయి. బొమ్మలు వేయకముందు గళ్ల విభజన, మాటలు, పాత్రల స్థానాలు పెన్సిల్‌తో చకచకా వేసే ఈ ముసాయిదాను మా వృత్తిలో నేము అంటారు. నేము ఆమోదం పొందితేనే అసలు బొమ్మ మొదలవుతుంది. నేము తిరిగి వస్తే పైసా రాదు, ఎన్ని వారాలు కష్టపడినా సరే.

ఇక్కడి డబ్బు లెక్క తెలియకపోతే ఆమె పరిస్థితి అర్థం కాదు. చిత్రకారులకు పత్రిక పేజీకింత అని చెల్లిస్తుంది. సహాయకుల జీతాలు అందులోంచే ఇచ్చుకోవాలి. నెలకు నలభై పేజీలు గీసేవారికి అది చాలాసార్లు ఖర్చులకే సరిపోతుంది. మిగులు చూసేది సంపుటాలు వెలువడినప్పుడు వచ్చే రాయల్టీలోనే. కాబట్టి ధారావాహిక లేదంటే సంపుటం లేదు, సంపుటం లేదంటే జీవిక లేదు. మా సంస్థకు వచ్చేనాటికి ఆమె ఇతరుల స్టూడియోల్లో సహాయకురాలిగా నేపథ్యాలు గీస్తూ బతుకుతోంది. పైగా కుడిచేతి మణికట్టులో, బొటనవేలి వైపు, నొప్పి మొదలైంది. స్నాయువు తొడుగు వాపు ఈ వృత్తిలో ఎంత సాధారణమంటే, చాలామంది దాన్ని జబ్బుగా కూడా లెక్కచేయరు.

అంతకుముందు చేసిన ప్రయత్నాలు

ఈ భాగంలోని విషయాలు ఆమె చెప్పగా, పాత నేములు చూసి తెలుసుకున్నవి. అప్పటి సంపాదకులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్ల ముందున్న ఆధారాలతో ఎవరైనా అలాగే ఆలోచించేవారు.

మొదటి నిర్ణయం: భాగం చివర ఉత్కంఠ పెంచాలి. తర్కం సూటిగా ఉంది. మొదటి భాగం నచ్చినవాళ్లు రెండో దానికి రావడం లేదంటే, వాళ్లను లాగే కొక్కెం లేదన్నమాట. జపాన్ పుస్తకం కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. రెండు పేజీలు తెరిచి ఉన్నప్పుడు ముందు కుడి పేజీ, తర్వాత ఎడమ పేజీ చదివి, ఆపైన తిప్పుతాం. అందుకే ఎడమ పేజీ అడుగున ఉండే చివరి గడి ఎంతో విలువైన చోటు. అక్కడ పాఠకురాలికి ఏదో తెలియాలనిపించాలి, తిప్పగానే కుడి పేజీలో అది కనిపించాలి. భాగం మొత్తానికీ ఇదే సూత్రం. చివరి గడిలో ఏదో బద్దలు కావాలి, కింద ‘సశేషం’ పడాలి.

ఆమె విధేయంగా అలాగే చేసింది. మూడో భాగం చివర, అబ్బాయి ఫోనుకు తెలియని అమ్మాయి నుంచి చనువైన సందేశం వస్తుంది. నాయిక దాన్ని చూస్తుంది. సశేషం. నాలుగో భాగం మూడో పేజీలో ఆ అమ్మాయి అతని అక్క అని తేలిపోతుంది. ఎందుకంటే ఆమె పాత్రలు మాట్లాడుకుంటాయి. ఆమె సృష్టించిన అమ్మాయి అనుమానాన్ని నెలరోజులు మోసే మనిషి కాదు, నేరుగా అడిగేస్తుంది. కొక్కెం బయటి నుంచి తగిలించినది కాబట్టి కథలోని మనుషులు దాన్ని మూడు పేజీల్లో ఊడదీశారు. నెల పాటు ఎదురుచూసిన పాఠకురాలికి మిగిలింది మోసపోయిన భావన.

రెండో నిర్ణయం: గీతను కాలానికి తగ్గట్టు మార్చాలి. కళ్లు చిన్నవి చేసి, జుట్టును మొత్తంగా ఒక ఆకారంగా గీసి, స్క్రీన్‌టోన్ (నీడలకూ నమూనాలకూ అతికించే చుక్కల పొర) తగ్గించమన్నారు. ఆ సమయంలో ఆదరణ పొందుతున్న కథలన్నీ తేలికపాటి గీతతో ఉండేవి. ఫలితం ఏమిటంటే, కొత్త పాఠకులు రాలేదు, పాతవాళ్లు ఆమెను గుర్తుపట్టలేదు. ఆ కాలపు పేజీలు చూస్తే నాకు బాధ కలుగుతుంది. సమర్థంగా గీసినవే, కానీ ఆ పేజీల్లో ఆమె లేదు.

మా దగ్గర మొదలైన పని

ఆమెతో తొలి సమావేశంలో కొత్త కథ గురించి మాట్లాడలేదు. అంతవరకూ గీసిన యోమికిరులు, ధారావాహిక భాగాలు అన్నీ బల్ల మీద పరచి, ఒక్కొక్క దానిలో రెండు పేజీ సంఖ్యలు మాత్రం గుర్తించమన్నాను: నాయిక ప్రశ్న ఎక్కడ మొదలైంది, ఎక్కడ తీరింది. ముందు యోమికిరులు, తర్వాత ధారావాహికలు.

రెంటిలోనూ ఆకారం ఒకటే. ధారావాహికలోని మొదటి భాగంలో కూడా, నలభై పేజీల్లో ముప్పై అయిదో పేజీ దగ్గర, అమ్మాయి ప్రశ్నకు జవాబు వచ్చేసింది. ఆ తర్వాత ఎప్పటిలాగే నిశ్శబ్దమైన పేజీలు. రెండో భాగానికి కొత్త చిక్కు కావాలి కాబట్టి తరగతిలోకి కొత్త విద్యార్థిని వచ్చింది. మూడో భాగానికి అపార్థం. ప్రతిసారీ కథ మొదటి నుంచి మొదలవుతోంది. పాఠకులు రెండో భాగానికి రాకపోవడానికి మొదటి భాగం బలహీనంగా ఉండడం కారణం కాదు. అది నిండుగా ఉంది, ఇంకేమీ కావాలనిపించనంత నిండుగా.

“అంటే నాకు ధారావాహిక రాయడం రాదన్నమాటే కదండీ?” అని అడిగింది ఆమె.

“ఇప్పటివరకూ మీకు ఎవరూ నేర్పలేదు. స్కూలు యోమికిరి నేర్పింది, పత్రిక యోమికిరిలు అచ్చు వేసింది, ఆపైన ఒక రోజు ధారావాహిక అడిగింది” అన్నాను. ఆమెను ఊరడించడానికి అన్న మాట కాదు అది. కొత్తవారిని చిన్న కథతో పరీక్షించి పెద్ద కథకు తీసుకోవడం ఈ పరిశ్రమ అంతటా ఉన్న పద్ధతి. రెండు పనులకూ వేర్వేరు కండరాలు కావాలి.

ఇక్కడ రెండు దారులు కనిపించాయి. ఆమెకు దీర్ఘకథ నేర్పడం ఒకటి, ఆమెకు తగిన రూపం వెతకడం రెండోది. నాకు రెండో దారి మీద మొగ్గు ఉన్నా ఆధారం లేదు. మరోవైపు ఆమెకు వెంటనే ఆదాయం కావాలి, చేతికి విశ్రాంతి కావాలి. అందుకని మధ్యస్థంగా ఒక పని ఎంచుకున్నాం.

వేరొకరి కథకు బొమ్మలు

అప్పటికి ఇంటర్నెట్‌లో వెలువడే నవలలను, ముఖ్యంగా ‘దుష్ట నాయిక’గా పునర్జన్మ ఎత్తిన అమ్మాయి కథలను, మాంగాగా మార్చే పని విరివిగా దొరుకుతోంది. గౌనులు, రాజభవనాలు, పొడవాటి జుట్టు గీయగలిగినవారు కావాలి. షోజోలో పెరిగినవారికి అది చేతిలో ఉన్న విద్య. కథ రచయిత ఇస్తారు, కాబట్టి నేము తిరస్కరణ భయం తక్కువ. డిజిటల్ బృందంతో పని కాబట్టి నేపథ్యాలు ఇతరులు చూసుకుంటారు. ఆమె కాగితం వదిలి క్లిప్ స్టూడియో అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌కు మారింది, ఎడమచేతిలో చిన్న రిమోట్ పెట్టుకుని కుడిచేతి కదలికలు తగ్గించుకుంది. మణికట్టుకు పట్టీ, వైద్యుడు చెప్పిన విరామాలు కూడా.

మారు-పెన్ గీతను డిజిటల్ బ్రష్‌తో తిరిగి రాబట్టడానికి చాలా సమయం తీసుకున్నాం. గత అనుభవం వల్ల ఈ ఒక్క విషయంలో ఆమె గట్టిగా పట్టుబట్టింది, నేనూ వెంట నిలిచాను. గడువు ఒత్తిడిలో మొదట వదులుకునేది ఇలాంటివే.

ఆ పని ఆమెను నిలబెట్టింది. ఆర్థికంగా ఊపిరి పీల్చుకుంది. కానీ ఈ కేసులో దాని అసలు విలువ వేరు. ఆ మాంగా ఫోనుల్లో భాగాలుగా విడివిడిగా అమ్ముడయ్యేది. జపాన్‌లో 2017లో డిజిటల్ కామిక్స్ అమ్మకాలు 17,110 కోట్ల యెన్‌లకు చేరి, 16,660 కోట్ల యెన్‌ల దగ్గర ఉన్న కాగితపు సంపుటాలను తొలిసారి దాటాయి. సంపుటం మొత్తం కాక ఒక్కో భాగం కొనే అలవాటు పెరిగిన కాలం. పత్రిక ప్రశ్నాపత్రం ఏ కథ నచ్చిందో చెబుతుంది. విడి అమ్మకం అయితే ఏ భాగం దగ్గర పాఠకులు ఆగారో, ఏ భాగాన్ని వెతుక్కుని కొన్నారో చెబుతుంది.

ఒక భాగం మిగతావాటి నుంచి ప్రత్యేకంగా నిలిచింది. మూల నవలలో రెండు పేరాల్లో ముగిసే ఒక దాసి పాత్రకు, రచయిత అనుమతితో, ఆమె పూర్తి భాగం ఇచ్చింది. యజమానురాలి జడ అల్లుతూ దాసి తన చెల్లెల్ని తలుచుకునే కథ. అదొక స్వచ్ఛమైన యోమికిరి. ముందు భాగాలు చదవనివారు కూడా దాన్ని కొన్నారు. వాళ్లలో కొందరు వెనక్కి వెళ్లి మొదటి భాగం కొన్నారు.

నా మొగ్గుకు ఆధారం దొరికింది. ముగిసిపోయే భాగం పాఠకులను పోగొట్టుకోవడం లేదు. ఒకే జంట కథను ముగించి మళ్లీ ముగించడమే పోగొట్టుకుంటోంది.

కొత్త రూపం, పాత ఉదాహరణ

ప్రతి భాగానికీ వేరే నాయిక, అన్ని భాగాలకూ ఒకే చోటు. ఈ రూపం కొత్తదేమీ కాదు. షోజో చిత్రకారిణి హగియో మోతో 1972 నుంచి 1976 వరకు గీసిన ‘పో నో ఇచిజొకు’ (పో వంశం) విడి కథల వరుసే. కాలక్రమం ముందువెనుకలుగా ఉంటుంది, ఒక్కో కథలో వేరే మనుషులు, వయసు పెరగని ఒక రక్తపిశాచి బాలుణ్ని కలుస్తారు. 2016లో అది తిరిగి మొదలైనప్పుడు నలభై ఏళ్ల విరామం దానికి అడ్డం కాలేదు. ఆ రూపానికి ఉన్న బలం అది. హగియో తొలి రోజుల్లో వేరే చోట తిరస్కరణకు గురైన కథలను అచ్చు వేసిన సంపాదకుడు యమమొతో జున్యా పేరు మా వృత్తిలో ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటారు. చిత్రకారిణికి తగ్గ చోటు చూపించడం సంపాదకుడి పనిలో సగం అని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రచురణకర్తల అభ్యంతరం కూడా న్యాయమైనదే. విడి కథల సంకలనాలకు రెండో సంపుటం అమ్మకం తగ్గుతుంది. ప్రతిదీ ముగిసిపోతే తర్వాతిది కొనడానికి కారణం ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా నేము మొదలుపెట్టవద్దని ఆమెతో అన్నాను.

ఆమె జవాబు: బట్టలు సరిచేసే ఆల్టరేషన్ దుకాణం. యాభై దాటిన ఒక స్త్రీ నడుపుతుంది. ప్రతి భాగంలో ఎవరో ఒకరు ఒక బట్ట తెస్తారు. వాళ్ల కథ ఆ భాగంలోనే ముగుస్తుంది. దుకాణం నడిపే ఆవిడ గురించి మాత్రం ఒక్కో భాగంలో ఒక్క సంగతి తెలుస్తుంది, అదీ ఆవిడ చెప్పకుండా. (అసలు కథలోని దుకాణం వేరు. పని తీరు అర్థం కావడానికి ఇలా మార్చాను.)

మొదటి నేము పనికిరాలేదు. దుకాణం ఆవిడ ఎక్కువ మాట్లాడింది. వచ్చినవాళ్ల బాధ విని, మంచి సలహా ఇచ్చి, వాళ్లను బాగుచేసి పంపింది. చదువుతుంటే నాయిక ఆవిడే అనిపించింది. బట్ట తెచ్చిన అమ్మాయి ఉపదేశం వినే శ్రోతగా మిగిలింది. ప్రశ్న ఎవరిదో జవాబు కూడా వాళ్లే కనుక్కోవాలన్నది ఆమె యోమికిరిల ప్రాణం, అదే పోయింది. ఆవిడ మాటల్లో కొలతలకు సంబంధించినవి తప్ప అన్నీ కొట్టేసి చూద్దామని అనుకున్నాం. పొడుగు ఎంత, నడుము ఎంత, ఎప్పటికి కావాలి. అంతే. ఆ రోజు ఆమె అక్కడే కూర్చుని నాలుగు పేజీలు తిరగరాసింది.

ఆ నాలుగు పేజీల్లో ఒక చోటు చూపిస్తాను. చెల్లెలు అక్క వేసుకున్న పాఠశాల యూనిఫాం స్కర్టు తెస్తుంది, పొడుగు తగ్గించాలని. ఎప్పుడూ అక్క వదిలేసినవే తనకు వస్తాయని ఆమె కోపం. ఆవిడ అంచు కుట్టు విప్పుతుంది. లోపలి మడతలో పాత కుట్ల గుర్తులు వరుసగా, ఒకదాని కింద ఒకటి. అంటే ఈ స్కర్టు అక్క కోసం కొన్నది కూడా కాదు, అక్క కంటే ముందు ఇంకెవరికో. మొదటి నేములో ఈ సంగతిని ఆవిడ నోటితో చెప్పించింది. రెండోదానిలో ఎడమ పేజీ చివరి గడి: సూది మొన కుట్టును పైకి లేపుతోంది. పేజీ తిప్పితే కుడి పేజీ మొత్తం ఒకే గడి, విప్పిన అంచు, గుర్తుల వరుసలు, మాట లేదు. స్వగతం ఆ తర్వాతి పేజీకి జరిగింది, మాటల బుడగ లేకుండా తెల్లటి ఖాళీలో ఒకే వాక్యంగా: ‘అక్క ఎప్పుడూ ఏమీ అనలేదు.’

ఉత్కంఠ కోసం ఆమెను ఒత్తిడి చేసిన ఎడమ పేజీ చివరి గడి ఇదే. అక్కడ ఏదో బద్దలు కావాల్సిన అవసరం లేకపోయింది. కుట్టు విడితే చాలింది.

ఫోనులో చదివేవారికి ఎడమ కుడి పేజీలు పక్కపక్కన ఉండవు, ఒక్కో పేజీ విడిగా జరుగుతుంది. కాబట్టి ప్రతి పేజీ అంచూ తిప్పే చోటే. ఆ నేమును ఫోనులో కూడా పేజీ పేజీగా చదివి చూశాం. స్వగతం ఉన్న పేజీ విడిగా వస్తే వాక్యం గాలిలో తేలుతున్నట్టుంది. దాని కింద అమ్మాయి చేతి గడి ఒకటి చేర్చింది. కాగితం మీద ఆ గడి అవసరం లేదు, ఫోనులో ఉంది. రెండు చోట్లా చెడకపోవడంతో ఉంచేశాం.

నిడివి 24 పేజీలు, రెండు నెలలకొకసారి. నెలకు నలభై పేజీలు ఆ మణికట్టుతో సాధ్యం కాదని వైద్యుడు స్పష్టంగా చెప్పడంతో ఈ సంఖ్య వచ్చింది. కథకు కూడా అదే సరిపోయింది. పాత ధారావాహికల్లో నలభై పేజీలు నింపడానికే కొత్త విద్యార్థినులు, అపార్థాలు దిగుమతి అయ్యేవి.

ఫలితం

ఎదిగిన స్త్రీలు చదివే ఒక పత్రికకు చెందిన డిజిటల్ శాఖ తీసుకుంది. మొదటి భాగానికీ రెండో భాగానికీ మధ్య ఆమె వృత్తి జీవితం అంతా వెంటాడిన ఆ పతనం ఈసారి రాలేదు. పాఠకులు ఏ భాగంతోనైనా మొదలుపెట్టి వెనక్కీ ముందుకీ వెళ్లారు. తర్వాత కాగితపు సంపుటం వచ్చింది, పునర్ముద్రణ జరిగింది. రెండో సంపుటం గురించి అందరికీ ఉన్న భయానికి దుకాణం ఆవిడే సమాధానమైంది. ఉత్తరాలు రాసినవారిలో చాలామంది ఆవిడ గోడ మీద ఉన్న, ఎవరూ తీసుకెళ్లని కోటు ఎవరిదని అడిగారు. ఆ కోటును ఆమె మూడో భాగం నుంచి నేపథ్యంలో గీస్తూనే ఉంది. ఒక్క పాత్ర కూడా దాని గురించి మాట్లాడలేదు. ఆమె దీర్ఘకథ చెప్పగలదనడానికి నాకు దొరికిన తొలి రుజువు ఆ కోటే.

ఒక విషయం తీరలేదు, దాన్ని కప్పిపుచ్చను. ఆమె కోరుకున్నది చిన్నప్పుడు తన ఊరికి వచ్చిన ఆ పత్రికలో గీయాలని. పదేళ్ల పిల్లలు చదివే పత్రిక. ఇప్పుడు ఆమె పాఠకులు ముప్పైలు, నలభైలలో ఉన్నారు. పుస్తకాల దుకాణంలో ఆమె సంపుటం షోజో అర మీద ఉండదు. కొందరు దీన్ని సహజమైన ఎదుగుదల అంటారు. ఆమె ముందు ఆ మాట నేను అనను. కోల్పోయింది నిజమైనదే. స్కర్టు కథ పదేళ్ల పిల్ల కూడా చదవగలదు అని మాత్రం ఇద్దరం అనుకుంటాం. ఆ ఒక్క భాగాన్ని పిల్లల పత్రిక ప్రత్యేక సంచికకు ఇవ్వగలమా అని ప్రయత్నిస్తున్నాం.

ఈ కేసు తర్వాత మారిన నా పద్ధతి

కొత్తవారి పని చూసేటప్పుడు ఇప్పుడు యోమికిరి నచ్చితే వెంటనే ధారావాహిక ఆలోచన అడగను. అదే పాత్రలతో రెండో భాగం నేము అడుగుతాను. అచ్చుకు కాదు, చూడడానికి. దాన్ని చదువుతూ కథ కొనసాగిందా, మళ్లీ మొదలైందా అని చూస్తాను. మళ్లీ మొదలైతే అది లోపమని చెప్పను. ఆ చేతికి విడి కథల వరుస సరిపోతుందేమో ఇద్దరం కలిసి ఆలోచిస్తాం. కొనసాగితే దీర్ఘకథ వైపు వెళ్తాం. పాతికేళ్ల వయసులో తెలియాల్సిన ఈ సంగతి ఈ చిత్రకారిణికి చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ మధ్య కాలమంతా ఆమె తనకు ప్రతిభ అయిపోయిందని నమ్ముతూ గడిపింది.

పాఠకుల సర్వే చదివే తీరు కూడా మారింది. స్థానం పడిపోతే, ఆ భాగంలో ఏం తక్కువైందని వెతకడం అందరికీ అలవాటు. ముందు భాగంలో ఏం పూర్తయిపోయిందని కూడా వెతకాలి. ఆ రెండో ప్రశ్న అడిగి ఉంటే కళ్లు చిన్నవి చేయాల్సిన పని పడేది కాదు.

తెలుగు చిత్రకారులకు ఒక మాట. మీరు పంపే కథల్లో చాలావాటికి మొదటి భాగంలోనే పెళ్లి అయిపోతోంది, లేదా శత్రువు చచ్చిపోతున్నాడు. రెండో భాగంలో ఎవరినో కొత్తవాళ్లను తేవాల్సి వస్తోంది. అప్పుడు కొత్త శత్రువును వెతికే ముందు, ఆ కథలో పక్కన నిలబడ్డ మనిషిని ఒకసారి చూడండి. ఆ దాసి మూల నవలలో రెండు పేరాల మనిషి.

చివరగా చేతి సంగతి. కథ ఎంత బాగా కుదిరినా, పత్రిక వేగం పెంచమంటే ఇదంతా కూలిపోతుంది. ఆదరణ వచ్చిన కొద్ది నెలలకే నెలకొక భాగం కుదురుతుందా అని అడిగారు. అడగడం వాళ్ల పని, కాదనడం మా పని. 2024 నవంబర్‌లో జపాన్‌లో స్వతంత్ర వృత్తిదారుల రక్షణ చట్టం అమలులోకి వచ్చింది. పని ఇచ్చేవారు షరతులను లిఖితపూర్వకంగానో ఎలక్ట్రానిక్ రూపంలోనో స్పష్టంగా తెలపాలి. అంతకుముందు మాంగా రంగంలో చాలా సంగతులు నోటిమాట మీదే నడిచేవి. ఆమెకు వచ్చిన పత్రంలో 24 పేజీలు, రెండు నెలలకొకసారి, ఆరోగ్య కారణంతో ఒక భాగం వాయిదా వేయవచ్చు అని రాయించాం. ఇప్పటివరకూ ఆమె ఆ వాయిదాను ఒకసారి వాడుకుంది. ధారావాహిక ఆగలేదు.